ఎల్‌టీ-జెడ్400, 434 సీసీ కిట్: థ్రాటిల్ ఒక్కసారిగా నొక్కితే చచ్చిపోతోంది, వదిలితే టపటపలు, పైన గడగడ. కార్బొరేటర్ జెట్టింగ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇసుకతిన్నె (ఫీనిక్స్, అరిజోనా)

బండి నాలుగు చక్రాల ఏటీవీ, 2005 సుజుకి ఎల్‌టీ-జెడ్400. ఇంజన్‌లో 94 మి.మీ. బోర్ కిట్, 12:1 పిస్టన్, స్టేజ్ 1 క్యామ్‌లు పడ్డాయి. సైలెన్సర్, బెండ్ పైపు మొత్తం మార్చింది. ఎయిర్‌బాక్స్ మూత తీసేసి, నూనె పట్టించిన ఫోమ్ ఫిల్టర్ వేసి ఉంది. కార్బొరేటర్ మాత్రం కంపెనీదే, మికుని బీఎస్‌ఆర్36. పాత ఓనర్ అందులో జెట్ కిట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు) వేశాడు: పూర్తి థ్రాటిల్‌కు మెయిన్ 147.5, ఐడిల్ దగ్గరకు స్లో జెట్ 22.5, గొంతులో లేచి దిగే స్లైడ్ అడుగున ఒక రంధ్రం డ్రిల్‌తో పెద్దది చేశాడు, స్ప్రింగ్ మెత్తనిది. కంపెనీ స్ప్రింగ్ కవర్లో పెట్టి ఇచ్చాడు. ఐడిల్ మిశ్రమాన్ని సర్దే మిక్చర్ స్క్రూ మీద ఇత్తడి బిళ్ల ఇంకా అలాగే ఉంది.

లక్షణాలు ఇవి. బొటనవేలితో ఒక్కసారిగా నొక్కితే ఒక క్షణం చచ్చిపోయి తర్వాత లేస్తుంది. వదిలితే సైలెన్సర్‌లో టపటపలు, ఐడిల్ వెంటనే దిగదు, గాల్లో వేలాడి మెల్లగా వస్తుంది. టాప్‌లో ముప్పావు దాటాక గడగడమంటూ సాగదు, ప్లగ్ నల్లగా మసి. ఇంజన్ పెద్దదైంది కాబట్టి మెయిన్ 155కి వెళ్దామనుకుంటున్నాను. సరేనా?

స్లోజెట్ (డల్లాస్)

వద్దండీ. మీరు చెప్పినవి ఒకే జబ్బు లక్షణాలు కావు. మొదటి రెండూ కింది సర్క్యూట్‌లో పెట్రోల్ చాలక వచ్చేవి. మూడోది మెయిన్ ఎక్కువై వచ్చేది. 155 వేస్తే పైన ఇంకా మునుగుతుంది, కింద ఏమీ బాగుపడదు.

ఇంజన్ పెద్దదైతే జెట్ పెద్దది కావాలన్న లెక్క చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది. 90 మి.మీ. బోర్, 62.6 స్ట్రోక్‌కి 398 సీసీ, 94కి 434. అంటే గాలి 9 శాతం ఎక్కువ పీలుస్తుంది. కానీ అది పీల్చేది అదే 36 మి.మీ. గొంతులోంచి. గాలి వేగం పెరుగుతుంది, జెట్ మీద లాగుడు పెరుగుతుంది, పెట్రోల్ దానంతటదే ఎక్కువ వస్తుంది. కార్బొరేటర్ పనిచేసేదే అలా. కిట్ మాత్రమే వేసి మిగతావి కంపెనీవే ఉంచితే జెట్ దాదాపు మార్చక్కర్లేదు.

జెట్ అడిగేది మీరు తీసేసిన మూత. మూత ఉన్నప్పుడు ఫిల్టర్ వైపు అడ్డు వల్ల లోపల కొంత వ్యాక్యూమ్ ఏర్పడి, అది కూడా పెట్రోల్‌ను లాగేది. మూత పోయింది, ఆ సాయం పోయింది. పైపు మార్చడం దాని తర్వాతి మాట. ఈ రెండింటికీ జెట్ పెంచారు, న్యాయమే. ఆపైన బోర్ కోసమని విడిగా ఇంకొంత పెంచినట్టున్నారు, అందుకే పైన గడగడ.

పాతస్పానర్ (హైదరాబాద్)

జెట్ డబ్బా పక్కన పెట్టు తమ్మీ. ముందు ఇంజన్ మంచిగున్నదా లేదా చూస్కో. బండి చల్లగున్నప్పుడు వాల్వ్ క్లియరెన్స్: ఇన్‌లెట్ 0.10 నుంచి 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.20 నుంచి 0.30. వేరే క్యామ్ పడ్డది కాబట్టి ఆ క్యామ్ కాగితంల అంకె ఏదుంటే అదే పట్టుకో. ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుసుకున్నా వదిలినప్పుడు టపటపలొస్తయి, వేడిమీద స్టార్టింగ్ సతాయిస్తది. దాన్ని ఏ జెట్టూ బాగుచెయ్యదు.

రెండోది గాలి లీకు. కార్బ్‌కు హెడ్‌కు నడుమ రబ్బరు ఉంటది, పాతదైతే క్లాంపు కింద పగులుతది. ఐడిల్‌ల పెట్టి స్ప్రే బాటిల్‌తోని నీళ్ల తుంపర ఆ రబ్బరు చుట్టు కొట్టు. ఇంజన్ చప్పుడు మారిందంటే అక్కడ్నే లీకు. కొందరు కార్బ్ క్లీనర్ కొడ్తరు, పక్కనే కాలుతున్న పైపున్నది, మంట లేస్తది, ఆ పని చెయ్యకు. పైపు హెడ్‌కు కలిసే కాడ గాస్కెట్ కూడ చూడు. అక్కడ లీకున్నా టపటపలే.

మూడోది డయాఫ్రమ్, స్లైడ్‌ను పట్టుకున్న రబ్బరు పొర. పై మూత తీసి రబ్బరును వెలుగుకు పెట్టి సూది బెజ్జం గూడ ఇడువకుండ చూడు. మళ్ల బిగించినంక స్లైడ్‌ను వేలితోని మీదికెత్తి, డయాఫ్రమ్ పైగదికి పోయే దారి మూసి వదులు. టక్కున పడ్డదంటే ఎక్కడనో గాలి పోతున్నది. మెల్లగ దిగాలె. ఇంకొకటి, డయాఫ్రమ్ లోపల ఉండంగ కార్బ్ క్లీనర్ కొట్టకు. రబ్బరు ఉబ్బుతది, గాడిల కూసోదు.

నాలుగోది ఫ్లోట్, కార్బ్ బౌల్‌ల పెట్రోల్ మట్టం కాపాడేది. కార్బ్‌ను పక్కకు వంచి, ఫ్లోట్ నాలుక దాని వాల్వ్ సూదిని తాకీ తాకనట్టు ఉన్నప్పుడు కొలువాలె. సూది చివర ఉన్న చిన్న స్ప్రింగును నొక్కితే కొలత తప్పు. సరైన అంకె నీ బండి సర్వీస్ పుస్తకంల ఉంటది.

వైజెడ్‌వాడు (హ్యూస్టన్)

సుజుకికి సంబంధం లేకపోయినా ఈ థ్రెడ్ చదివే యమహా వాళ్లకు ఒక మాట. రాప్టర్ 660, వైఎఫ్‌జెడ్450లో పార్కింగ్ బ్రేక్ వేసి ఉంటే ఆర్‌పీఎంను కట్ చేసే ఏర్పాటు ఉంటుంది. ఆ స్విచ్‌లో మట్టి చేరి ఇరుక్కుంటే బ్రేక్ తీసినా బండి పైన గడగడమంటుంది, అచ్చం మెయిన్ ఎక్కువైనట్టే. జెట్లు మార్చే ముందు దాని వైరు చూడండి.

ఇసుకతిన్నె (ఫీనిక్స్, అరిజోనా)

అన్నీ చూశాను. క్యామ్ కాగితం ప్రకారం ఒక ఎగ్జాస్ట్ వాల్వ్ బిగుతుగా ఉంటే షిమ్ మార్చాను. నీళ్ల తుంపరకు చప్పుడు మారలేదు. డయాఫ్రమ్ బాగుంది, ఫ్లోట్ సరిగ్గానే ఉంది. టపటపలు కొంచెం తగ్గాయి, పోలేదు. మిగతావి అలాగే.

స్లోజెట్ (డల్లాస్)

మంచిది, ఇప్పుడు కార్బొరేటర్ గురించి మాట్లాడుకోవచ్చు. ముందు ఒకటి స్పష్టం చేసుకోవాలి. ఇది సీవీ కార్బ్. మీ బొటనవేలు తిప్పేది బటర్‌ఫ్లైని మాత్రమే. సూది ఉన్న స్లైడ్‌ను ఎత్తేది వ్యాక్యూమ్. పావు వరకు స్లో జెట్, పావు నుంచి ముప్పావు వరకు సూది, ఆపైన మెయిన్ అని పుస్తకాల్లో ఉండే లెక్క స్లైడ్ ఎత్తుకు వర్తిస్తుంది, మీ వేలికి కాదు. తక్కువ ఆర్‌పీఎంలో వేలు పూర్తిగా నొక్కినా స్లైడ్ సగంలోనే ఉండొచ్చు. కాబట్టి మెయిన్‌ను పరీక్షించాలంటే మూడో గేరో నాలుగో గేరో వేసి, ఆర్‌పీఎం పైకి వెళ్లాకే తీర్పు చెప్పాలి. స్టాండు మీద రేజ్ చేసి మెయిన్ గురించి ఏమీ చెప్పలేం.

ఇప్పుడు మీ మొదటి సమస్య. సీవీకి యాక్సిలరేటర్ పంప్ లేదు. ఆ అవసరం రాకుండా కాపాడేది స్లైడ్ నెమ్మదిగా లేవడమే. స్లైడ్ అడుగు రంధ్రం పెద్దది చేసి, పైన మెత్తటి స్ప్రింగ్ వేస్తే అది ఎగిరినట్టు లేస్తుంది. గొంతు ఒక్కసారిగా తెరుచుకుని గాలి వేగం పడిపోతుంది, పెట్రోల్ రాదు, ఇంజన్ చచ్చిపోతుంది. పికప్ పెరుగుతుందని చేసిన పనే పికప్ తినేస్తోంది. కంపెనీ స్ప్రింగ్ తిరిగి వేయండి, అంతకంటే చవకైన మందు లేదు. రంధ్రాన్ని ఎపాక్సీతో పూడ్చే ఆలోచన మాత్రం వద్దు. ఊడితే నేరుగా ఇంజన్‌లోకే పోతుంది.

నిర్ధారణ కావాలంటే వేడి ఇంజన్ మీద చోక్ కొద్దిగా లాగి అదే చోట నొక్కి చూడండి. చచ్చిపోవడం తగ్గితే పెట్రోల్ చాలట్లేదని అర్థం. పెరిగితే ఎక్కువైంది.

ఎడారిబండి (దుబాయ్)

నా పద్ధతి వేరండీ. స్లో జెట్ ముందు తేల్చి, తర్వాత సూది, ఆఖరున మెయిన్. ఐడిల్ నిలవని బండిని పైన ఎలా పరీక్షిస్తారు?

స్లోజెట్ (డల్లాస్)

ఐడిల్ నిలబడేంత వరకు స్లో జెట్ సర్దుకోవడం సరే. కానీ ఆఖరి మాట మెయిన్ నుంచి కిందికే రావాలి. మెయిన్ మారిస్తే సూది నడిచే భాగంలోనూ మిశ్రమం మారుతుంది, ముఖ్యంగా పై సగంలో. సూది మారిస్తే స్లో జెట్ చివరన తేడా వస్తుంది. స్లో జెట్ మారిస్తే మాత్రం పైన దాదాపు ఏమీ జరగదు. మీరు కింద నుంచి మొదలుపెడితే పైది మార్చిన ప్రతిసారీ కిందిది మళ్లీ సర్దాలి.

ఎడారిబండి (దుబాయ్)

ఆ లెక్క ఒప్పుకుంటాను. ఒక షరతు మాత్రం ఉంది: ఇసుక. బిగ్ రెడ్ లాంటి తిన్నె ఎక్కేటప్పుడు పూర్తి థ్రాటిల్ చాలాసేపు, పూర్తి లోడు మీద ఉంటుంది. రోడ్డు మీద చురుగ్గా అనిపించే మెయిన్ అక్కడ పిస్టన్‌ను కాలుస్తుంది. ఇసుకలో తిరిగే బండికి చురుకైన జెట్ కంటే ఒక సైజు పెద్దది ఉంచాలి. 12:1 కంప్రెషన్‌కు మరీను. మామూలు పెట్రోల్ పోయకండి, పంపులో దొరికే పై ఆక్టేన్‌దే వాడండి.

పాతస్పానర్ (హైదరాబాద్)

మిక్చర్ స్క్రూ బిళ్ల సంగతి ఎవ్వరు చెప్పలే. ఇంజన్ వైపు, కింద, చిన్న బురుజు లెక్క ఉంటది, దాని మూతి మీదనే ఇత్తడి బిళ్ల. కార్బ్ బయటికి తీసి, చిన్న డ్రిల్ బిట్టుతోని నడుమ బెజ్జం వెయ్యి. బిట్టుకు టేప్ చుట్టి లోతు ఆపుకో. బిళ్ల పలచగుంటది, దాటిందంటే కిందనే స్క్రూ తల ఉన్నది, పాడైతది. బెజ్జంల చెక్క స్క్రూ రెండు చుట్లు ఎక్కించి కటింగ్ ప్లేర్‌తోని గుంజు, వచ్చేస్తది.

అటెన్క స్క్రూను మెల్లగ లోపలికి తిప్పి, ఎన్ని చుట్లకు కూసుంటదో లెక్కపెట్టి రాసుకో. గట్టిగ బిగించకు, మొన వంగుతది. బయటికి తీసినప్పుడు స్ప్రింగ్, సన్న వాషర్, ఓరింగ్, ఈ మూడు రావాలె. ఓరింగ్ చాలాసార్లు లోపల్నే అతుక్కుంటది, అది చిరిగినా లేకున్నా ఏ చుట్టుకూ సెట్టింగ్ నిలువది. మళ్ల పెట్టేటప్పుడు వరుస: స్క్రూ మొన వైపు ఓరింగ్, దాని మీద వాషర్, దాని మీద స్ప్రింగ్.

ఇంజన్ వైపున్న స్క్రూ పెట్రోల్‌ది, బయటికి తిప్పితే పెట్రోల్ ఎక్కువ. ఫిల్టర్ వైపుంటే అది గాలిది, లెక్క ఉల్టా. నీది పెట్రోల్‌ది.

రెండు చుట్ల కాడ మొదలుపెట్టు. బండి బాగ వేడెక్కినంక ఐడిల్ కొంచెం తగ్గించి, పావు చుట్టు చొప్పున తిప్పుకుంట, ప్రతిసారి పది సెకండ్లు ఆగి చప్పుడు విను. ఐడిల్ ఎక్కడ అన్నిటికంటే పైకి పోతదో అక్కడ ఆపి, మళ్ల ఐడిల్ 1500కు దించు. ఒక చుట్టు లోపలే మంచిగైతే స్లో జెట్ పెద్దదైంది. మూడు చుట్లు దాటినా అడుగుతున్నదంటే చిన్నది.

కార్బ్ స్క్రూలకు మామూలు స్టార్ డ్రైవర్ పెట్టకు, అవి జపాన్ జేఐఎస్ తలలు, అరుగుతయి. ఒకసారి వచ్చినంక అలెన్ బోల్టులు వేస్కో. జెట్లకు వెడల్పు సరిపోయే ఫ్లాట్ డ్రైవర్ వాడు, అవి ఇత్తడివి.

ఇసుకతిన్నె (ఫీనిక్స్, అరిజోనా)

కంపెనీ స్ప్రింగ్ వేశాను. చచ్చిపోవడం చాలావరకు పోయింది. బిళ్ల తీశాను. 22.5 స్లో జెట్‌తో మూడు చుట్లు దాటినా ఐడిల్ ఇంకా పెరుగుతూనే ఉంది. 25 వేస్తే రెండుంపావు దగ్గర కుదిరింది. ఐడిల్ ఇప్పుడు నేరుగా దిగుతోంది, టపటపలు దాదాపు లేవు. మెయిన్ 142.5కి దించితే పైన గడగడ తగ్గింది కానీ పోలేదు. వీధి చివర మెయిన్‌ను ఎలా తేల్చాలి?

స్లోజెట్ (డల్లాస్)

ఖాళీగా ఉన్న, నేరుగా ఉన్న నేల కావాలి. నాలుగో గేరులో పూర్తిగా తెరిచి ఆర్‌పీఎం పైకి వెళ్లాక, వేలును కొద్దిగా, ఎనిమిదో వంతు మాత్రమే వదలండి. ఆ క్షణాన బండి ముందుకు ఊపందుకుంటే మెయిన్ చిన్నది. తడబడితే పెద్దది. ఏ తేడా లేకపోతే దగ్గరికి వచ్చినట్టే. థ్రాటిల్ డబ్బా మీద టేప్ అంటించి గీతలు పెట్టుకుంటే ఎంత వదిలారో తెలుస్తుంది.

ప్లగ్ రంగు చూసి చెప్పడం ఈ కాలపు పెట్రోల్‌తో అంత నమ్మకంగా ఉండదు. ఐడిల్‌లో ఇంటికి తెచ్చి తీసి చూసిన ప్లగ్ ఐడిల్ గురించే చెప్తుంది. చూడాలంటే కొత్త ప్లగ్ వేసి, పూర్తి థ్రాటిల్‌లో క్లచ్ పట్టి, అక్కడే కిల్ స్విచ్ నొక్కి, పింగాణీ అడుగున ఉన్న ఉంగరాన్ని చూడాలి. మొనను కాదు.

డబ్బు పెట్టగలిగితే వైడ్‌బ్యాండ్ సెన్సార్, గాలి-పెట్రోల్ నిష్పత్తిని అంకెల్లో చూపేది. పైపుకు 18 మి.మీ. బంగ్ (సెన్సార్ బిగించే మరల ముక్క) వెల్డ్ చేయించండి, సెన్సార్ అడ్డంగా కాకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేకపోతే తడి చేరి పోతుంది. పూర్తి థ్రాటిల్‌లో 12.8 నుంచి 13.2, మామూలు నడకలో 13.5 నుంచి 14 మధ్య చూడండి. సెన్సార్ ముందు పైపులో చిన్న లీకున్నా అంకె అబద్ధం చెప్తుంది, బయటి గాలి కలిసి తక్కువ పెట్రోల్ ఉన్నట్టు చూపిస్తుంది. సీసం కలిసిన రేస్ పెట్రోల్ పోస్తే సెన్సార్ చచ్చిపోతుంది.

వైజెడ్‌వాడు (హ్యూస్టన్)

ఇంత కష్టం ఎందుకు, 39 మి.మీ. కెహిన్ ఎఫ్‌సీఆర్ కార్బ్ వేసేయండి. పంప్ ఉంటుంది, స్లైడ్‌ను నేరుగా వేలే లాగుతుంది, ఒక్కసారిగా నొక్కినా తడబాటు ఉండదు.

స్లోజెట్ (డల్లాస్)

ఉంటుంది, మరో రకంది. ఎఫ్‌సీఆర్‌లో పంప్ చిమ్మే ధార ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు ఉంటుంది అన్నది మళ్లీ సర్దాలి. ధార స్లైడ్‌కు తగిలితే మరీ ముందే వచ్చినట్టే. పెట్రోల్ ఎక్కువైతే నల్ల పొగతో మునుగుతుంది. స్లైడ్ వెనక ఉండే పలక తలకిందులుగా పడితే ఐడిల్ అదుపులో ఉండదు. బీఎస్‌ఆర్‌ను సరిగ్గా కుదిర్చాక ఇంకా కావాలనిపిస్తే వేయొచ్చు. కుదరని బండి మీద కొత్త కార్బ్ వేస్తే పాత సమస్య ఏదో, కొత్తది ఏదో విడదీయలేం.

అన్నట్టు, ఎఫ్‌సీఆర్‌కు మారితే మీ మికుని జెట్ అంకెలు దానికి పనికిరావు. మికుని అంకె ప్రవాహాన్ని బట్టి, కెహిన్ అంకె రంధ్రం వ్యాసాన్ని బట్టి. జెట్ కిట్ కంపెనీల అంకెలైతే వాళ్ల సొంతవి. పాత ఓనర్ వేసిన 147.5 నిజంగా మికుని జెట్టేనా? ముద్ర చూడండి.

ఇసుకతిన్నె (ఫీనిక్స్, అరిజోనా)

మికుని ముద్రే ఉంది. 137.5 వేశాను. పైన శుభ్రంగా లాగుతోంది, వేలు వదిలితే తేడా లేదు. 135 పెట్టి చూస్తే వదిలినప్పుడు ఊపందుకుంది, అందుకే వెనక్కి వచ్చాను. మధ్యలో, ఒకే వేగంతో మెల్లగా నడిపేటప్పుడు, ఇంజన్ ముందుకీ వెనక్కీ చిన్నగా ఊగుతోంది. సూదికి ఒకటే గాడి ఉంది.

స్లోజెట్ (డల్లాస్)

ఆ ఊగుడు సూది దగ్గర పెట్రోల్ చాలకపోవడం. ఒకే గాడి ఉంటే క్లిప్ కింద సన్న వాషర్ వేసి సూదిని ఎత్తడమే. ఎం3 వాషర్, 0.5 మి.మీ. మందం ఉన్నది ఒకటి. సూది అటూ ఇటూ స్వేచ్ఛగా కదలాలి, వాషర్ స్లైడ్ లోపలి రంధ్రాన్ని మూయకూడదు. ఒకటితో పోకపోతేనే రెండోది.

ఎడారిబండి (దుబాయ్)

ఇసుకకైతే 140 ఉంచండి. ఇంకోటి, పెట్రోల్ వచ్చే దారి చూశారా? ఈ సైజు ఇంజన్ పూర్తి లోడులో నిమిషానికి 220, 230 మి.లీ. దాకా తాగుతుంది. కార్బ్ దగ్గర గొట్టం తీసి, పెట్రోల్ కాక్ తెరిచి, కొలత పాత్రలో నిమిషం పట్టండి. కాక్ వ్యాక్యూమ్ రకమైతే దాని గొట్టానికి లాగుడు ఇస్తేనే తెరుచుకుంటుంది. ట్యాంక్ సగం కంటే తక్కువ ఉన్నప్పుడు పట్టాలి. 300 రాకపోతే కాక్ జల్లెడో, మూత మీది గాలి గొట్టమో మూసుకుపోయింది. తిన్నె సగం ఎక్కాక నీరసించి, ఆపి కాసేపుంటే మళ్లీ మామూలుగా నడిచే బండ్లలో మొదట అనుమానించాల్సింది ఇదే.

కొండగాలి (డెన్వర్)

మీ ఫీనిక్స్ వాళ్లు చలికాలంలో గ్లామిస్ (కాలిఫోర్నియా ఇసుకతిన్నెలు) వెళ్తారు, వేసవిలో ఎత్తు మీదున్న ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తారు, రెండింటికీ ఒకే జెట్ కుదరదు. ఫీనిక్స్ సుమారు 330 మీటర్లు, ఫ్లాగ్‌స్టాఫ్ 2,100. గాలి దాదాపు 15 శాతం పలచన. పెట్రోల్ కూడా ఆ నిష్పత్తిలో తగ్గదు, గాలి సాంద్రత వర్గమూలం ప్రకారం తగ్గుతుంది, అందుకే మిశ్రమం 8, 9 శాతం ఎక్కువ పెట్రోల్ వైపు జరుగుతుంది. మికుని అంకె ప్రవాహానిది కాబట్టి అంతే శాతం తగ్గించాలి: 137.5కి బదులు 125 లేదా 127.5. కెహిన్ అయితే వ్యాసం లెక్క కాబట్టి అందులో సగం శాతమే తగ్గించాలి. ఈ తేడా తెలియక ఎఫ్‌సీఆర్ వాళ్లు మరీ కిందికి దిగి పిస్టన్ కాల్చుకుంటారు.

సీవీ స్లైడ్ గాలిని బట్టి లేస్తుంది కాబట్టి మధ్య భాగం కొంత తనే సర్దుకుంటుంది. మెయిన్ సర్దుకోదు.

గ్లామిస్‌కు ఉల్టా. 40 డిగ్రీల ఫీనిక్స్ మధ్యాహ్నం కుదిర్చిన బండి, డిసెంబర్ ఉదయం 10 డిగ్రీల్లో 5 శాతం పెట్రోల్ తక్కువవుతుంది. రెండు మూడు సైజులు పైకి, అంటే 142.5 లేదా 145.

ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర అడవి శాఖ భూమిలో నడిపితే సైలెన్సర్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ తప్పనిసరి. అది పెట్టాక మెయిన్ మళ్లీ చూసుకోండి, ఒక సైజు మారవచ్చు.

పాతస్పానర్ (హైదరాబాద్)

పెట్రోల్‌ల ఇథనాల్ కూడ లెక్కల పెట్టున్రి. పది శాతం కలిస్తే మిశ్రమం మూడు శాతం పైన పలచనైతది. ఇక్కడ మా తాన ఇప్పుడు ఇరవై శాతం, ఏడు శాతం దాక తేడా. పాత ఇథనాల్ లేని పెట్రోల్‌కు రాసిన జెట్ పట్టికలు అట్లనే ఎత్తి వాడొద్దు. నెల రోజులు బండి తియ్యకుంటే బౌల్ ఖాళీ చేసి పెట్టు, స్లో జెట్ బెజ్జం ముందు పూడేది అదే.

ఇసుకతిన్నె (ఫీనిక్స్, అరిజోనా)

0.5 వాషర్‌తో ఊగుడు పోయింది. పెట్రోల్ నిమిషానికి 300 దాటి వస్తోంది. ఇక్కడ పంపుల్లో ఉన్నది పది శాతం ఇథనాల్‌దే, కుదిర్చింది కూడా దాని మీదే కాబట్టి అంకెలు అలాగే ఉంచుతున్నాను. ఇప్పుడు ఉన్నవి: మెయిన్ 137.5, స్లో 25, స్క్రూ రెండుంపావు, కంపెనీ స్ప్రింగ్, సూది కింద ఒక వాషర్. 127.5, 142.5 జెట్లు కూడా తెప్పించాను. ఫ్లాగ్‌స్టాఫ్‌లో స్లో జెట్ కూడా మార్చాలా?

కొండగాలి (డెన్వర్)

ముందు స్క్రూతో చూడండి. అర చుట్టు, ముప్పావు చుట్టు లోపలికి తిప్పితే చాలుతుంది. ఒక చుట్టు లోపలికి వచ్చినా ఐడిల్ తడబడుతుంటే అప్పుడు 22.5. మీ పాతది పారేయకండి.